ఉచిత పద్మవ్యూహం

ఉచితంగా ఇచ్చేవాడికి మీ క్రెడిట్ కార్డు నంబరు ఎందుకండీ?

గుళ్ళో ప్రసాదం పెట్టే పూజారి "ముందు మీ పర్సు ఇక్కడ పెట్టండి" అనడు. పెళ్ళిలో పులిహోర వడ్డించేవాడు "ఏడు రోజుల్లోగా వద్దని చెప్పకపోతే ఇకనుంచి నెలనెలా మీ ఇంటికి బిందెడు పులిహోర పంపించి డబ్బులు పట్టుకెళతాం" అనడు. అన్నాడంటే విస్తరి ముందునుంచి లేచి వచ్చేస్తాం. అదే మాట కంప్యూటరు తెర మీద, ఆకుపచ్చ బటన్ కింద, చీమతలకాయంత బూడిదరంగు అక్షరాల్లో కనబడితే మాత్రం పీజీలు చేసినవాళ్ళు కూడా బుద్ధిగా పదహారు అంకెలూ కొట్టి ఇచ్చేస్తారు.

నేను మాట్లాడేది అమెరికాలో "ఉచిత క్రెడిట్ రిపోర్టు, ఉచిత స్కోరు" అని ఊరించే సర్వీసుల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, వాటి ఉచిత ట్రయల్‌లోంచి బయటపడటం గురించి. చేరడానికి రెండు నిమిషాలు చాలు. మానడానికి ఒక పూట సెలవు పెట్టాలి. అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్ళే విద్య తెలుసు, బయటికొచ్చే విద్య తెలీదు. పాపం అది అతని తలరాత. ఇక్కడ లోపలికి చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళేదీ వాళ్ళే, వెనక తలుపుకి తాళం వేసేదీ వాళ్ళే. దీన్ని నేను మోసం అంటాను. "మార్కెటింగ్ కిటుకు" లాంటి మర్యాద పేర్లు దీనికి అక్కర్లేదు. ఈ మోసంలో మన సాఫ్టువేరువాళ్ళకి పెద్ద వాటా ఉందని కూడా అంటాను. ఎందుకో చెబుతా.

ముందుగా, ఇందులో పడేది ఎవరు? మొన్నమొన్న దిగినవాళ్ళు. మాస్టర్స్ చదవడానికి వచ్చి, చేతికి సోషల్ సెక్యూరిటీ నంబరు రాగానే "క్రెడిట్ హిస్టరీ పెంచుకోరా" అన్న సలహా పదిమంది నోట వినే మన పిల్లలు. ఇంటిదగ్గర ఎంత ఆస్తి ఉన్నా, ఎన్ని మార్కులొచ్చినా ఇక్కడ పనికిరావు. అపార్ట్‌మెంటు అద్దెకివ్వాలన్నా, కారుకి అప్పివ్వాలన్నా ఎదుటివాడు చూసేది 300 నుంచి 850 మధ్య ఉండే ఒక అంకె. ఆ అంకె ఎలా పుడుతుందో ఎవరూ సరిగ్గా చెప్పరు. తగ్గితే ఏమవుతుందో మాత్రం అందరూ చెబుతారు. అలాంటి భయంలో ఉన్న కుర్రాడు "ఫ్రీ క్రెడిట్ రిపోర్ట్" అని వెతికితే ముందు కనబడేవి ఈ దుకాణాలే.

ఇక ఆ అంకెకి ముడిసరుకు ఎక్కడిది? ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అని మూడు సంస్థలున్నాయి. మన అప్పులు, మన కార్డులు, మనం ఎప్పుడు కట్టాం, ఎప్పుడు ఎగ్గొట్టాం, ఇవన్నీ బ్యాంకుల దగ్గర్నుంచి పోగేసుకుంటాయి. పోగేసుకోమని మనం వాటితో ఒప్పందం చేసుకోలేదు, వద్దంటే మానేవీ కావు. దాన్ని అప్పులిచ్చేవాళ్ళకి అమ్ముకుంటాయి. బాగానే ఉంది, దేశంలో అప్పుల వ్యాపారం నడవాలంటే ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలి అనుకుందాం. కానీ మన జాతకం మనకే అమ్మడం ఏమిటి? అదీ నెలవారీ చందా మీద!

ఇందులో అన్నిటికన్నా ఒళ్ళుమండే సంగతి ఇది: ఆ రిపోర్టు ఎలాగూ మనకి ఉచితమే. 2003లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం మూడు సంస్థలూ ఏడాదికోసారి అడిగినవాడికల్లా పైసా తీసుకోకుండా రిపోర్టు ఇవ్వాలి. దానికోసం యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్ అని ఒకటే అధికారిక చోటు పెట్టారు. 2004 డిసెంబరులో పడమటి రాష్ట్రాలతో మొదలై 2005 సెప్టెంబరుకల్లా దేశమంతా వచ్చింది. కోవిడ్ వచ్చాక 2020లో దాన్ని వారానికోసారి చేశారు, 2023లో ఆ వారం పద్ధతినే శాశ్వతం చేశారు. అక్కడ కార్డు నంబరు అడగరు. ట్రయల్ లేదు, కాబట్టి రద్దు చేసుకునే గొడవా లేదు.

మరి చట్టం ఉచితం చేసిన సరుకుని అమ్ముకోవడం ఎలా? దాని పక్కనే అచ్చం అలాంటి బోర్డుతో ఇంకో కొట్టు పెట్టడమే! ఎక్స్‌పీరియన్ వాళ్ళది ఫ్రీ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్ అని ఒకటి ఉండేది. పేరులోనే ఫ్రీ. రిపోర్టు చూసుకుందామని వెళ్ళినవాళ్ళని ఓ క్రెడిట్ మానిటరింగ్ సర్వీసులో చేర్చేసి, 30 రోజుల్లో రద్దు చేసుకోకపోతే 79.95 డాలర్లు లాగేవారు. ఆ సంగతి సరిగ్గా చెప్పలేదని ఎఫ్‌టీసీ, అంటే వాణిజ్య మోసాల మీద కన్నేసి ఉంచే ఫెడరల్ సంస్థ, కేసు పెట్టింది. 2005లో తొమ్మిదిన్నర లక్షల డాలర్లు కట్టి, కొందరికి డబ్బులు వాపసు ఇచ్చి బయటపడ్డారు. బుద్ధొచ్చిందా? ఆ ఒప్పందాన్నే ఉల్లంఘించారని 2007లో మళ్ళీ మూడు లక్షలు కట్టారు. ఆ తర్వాత కొన్నేళ్ళు టీవీలో గిటారు వాయించే కుర్రాళ్ళతో ప్రకటనల పాటలు ఊదరగొట్టారు. ఎంతగా అంటే 2009లో ఎఫ్‌టీసీయే ఆ పాటలకి పేరడీలుగా వీడియోలు తీయించి "అసలు ఉచితం అక్కడ కాదు బాబూ, ఇక్కడ" అని చెప్పుకోవాల్సొచ్చింది. ప్రభుత్వ సంస్థ పేరడీ పాటలు తీసే స్థితికి తెచ్చారంటే మామూలు ఘనులు కాదు.

చివరికి 2009 నాటి క్రెడిట్ కార్డు చట్టంతో ఓ నిబంధన వచ్చింది. ఉచిత రిపోర్టు ఇస్తామనే ప్రతి వెబ్‌సైటూ "చట్టప్రకారం ఉచిత రిపోర్టు దొరికే అధికారిక చోటు ఇది కాదు, ఫలానాది" అని పైన పెద్దక్షరాలతో రాయాలని. 2010 ఏప్రిల్లో అది అమల్లోకొచ్చింది. అప్పుడు మనవాళ్ళేం చేశారో తెలుసా? రిపోర్టుకి ఒక డాలరు ధర పెట్టారు! ఆ డాలరుని దానధర్మాలకి ఇస్తామన్నారు. ఉచితం కాదు కాబట్టి ఆ నిబంధన మాకు వర్తించదన్నమాట. దానం పేరుతో చట్టానికి పంగనామం పెట్టే తెలివి ఎవరికో గానీ రాదు.

ఇదేదో ఒక కంపెనీ పాత కథ అనుకోకండి. 2017 జనవరిలో సీఎఫ్‌పీబీ, అంటే ఆర్థిక సేవల్లో వినియోగదారుల పక్షాన నిలబడటానికి పెట్టిన ఫెడరల్ సంస్థ, ట్రాన్స్‌యూనియన్‌నీ ఎక్విఫాక్స్‌నీ పట్టుకుంది. ఉచితమనో ఒక డాలరే అనో చెప్పి, ఏడు రోజులో ముప్ఫై రోజులో ట్రయల్ పెట్టి, ఆపైన నెలకి 16 డాలర్లు, అంతకన్నా ఎక్కువా లాగుతున్నారని. దానికితోడు వాళ్ళు అమ్మే స్కోరూ అప్పిచ్చేవాళ్ళు చూసే స్కోరూ ఒకటే అన్నట్టు నమ్మించారని. ఇద్దరూ కలిసి జనానికి 1.76 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వాలని, ఇంకో 55 లక్షలు జరిమానా కట్టాలని ఆదేశం. రెండు నెలలకి, స్కోరు విషయంలోనే, ఎక్స్‌పీరియన్‌కి 30 లక్షల జరిమానా. మూడుకి మూడూ!

2022లో ట్రాన్స్‌యూనియన్ ఆ ఆదేశాన్ని కూడా పక్కన పెట్టి మళ్ళీ జనాన్ని చందాల్లోకి తోస్తోందని సీఎఫ్‌పీబీ కోర్టుకెళ్ళింది. కంపెనీ కాదంది. 2025లో ప్రభుత్వం మారాక ఆ కేసుని సీఎఫ్‌పీబీయే వదిలేసింది. కాబట్టి నిజానిజాలు కోర్టులో తేలనే లేదు. పోలీసు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే దొంగతనం జరగనట్టా, జరిగినట్టా? మీరే ఆలోచించుకోండి.

పెద్దవాళ్ళే ఇలా ఉంటే చిన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. క్రెడిట్ బ్యూరో సెంటర్ అని ఒకటుండేది. దానికి జనాన్ని తోలడానికి ఒకాయన క్రెయిగ్స్‌లిస్ట్‌లో లేని ఇళ్ళకి అద్దె ప్రకటనలు పెట్టేవాడు. ఆశగా మెయిలు రాస్తే "ఇల్లు చూపిస్తాం, ముందు మీ క్రెడిట్ స్కోరు ఇక్కడ ఉచితంగా చూసుకుని రండి" అని లింకు పంపేవాడు. అక్కడ కార్డు నంబరిస్తే నెలకి 29.94 డాలర్ల చందా. ఇల్లూ లేదు, గిల్లూ లేదు. ఎఫ్‌టీసీ కేసు వేసి గెలిచినా, బాధితులకి డబ్బు తిరిగిప్పించే అధికారం ఏ చట్టం కింద ఉందన్న దగ్గర వ్యవహారం పైకోర్టులో ఇరుక్కుంది. 2019లో లేదన్నారు, వేరే చట్టం కింద 2023లో సరే అన్నారు. అద్దె ఇల్లు వెతుక్కునే కొత్తవాళ్ళు ఎవరో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు రద్దు దగ్గరికొద్దాం. మా టీములో కొత్తగా చేరిన ఓ కుర్రాడు ఈమధ్య ఇలాంటి ఒక సర్వీసు, పేరెందుకులెండి, రద్దు చేసుకుంటుంటే పక్కనే ఉన్నాను. చేరింది వెబ్‌సైటులో. మానాలంటే ఫోన్ చెయ్యాలి. ఆ ఫోన్ నంబరు కోసం "సహాయం" అన్న పేజీలో మూడు పొరలు లోపలికెళ్ళాలి. పనివేళల్లోనే తీస్తారు. పావుగంట సంగీతం విన్నాక ఓ మనిషి పలికాడు.

"ఎందుకు మానాలనుకుంటున్నారు సార్?"

"అవసరం లేదండీ."

"మీ పేరుమీద ఎవరైనా దొంగ అప్పు తీసుకుంటే మీకెలా తెలుస్తుంది సార్?"

"నేను చూసుకుంటానండీ. రద్దు చెయ్యండి."

"మీకోసం ప్రత్యేకంగా సగం ధరకే మూడు నెలలు ఇస్తాను."

"వద్దండీ."

"పోనీ ఒక నెల పూర్తిగా ఉచితం. ఇప్పుడే పెట్టేస్తున్నాను."

మావాడు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి "అన్నా, రద్దు చేస్తే స్కోరు తగ్గుతుందా?" అని నన్నడిగాడు. చూశారా, అవతలివాడు ఆ మాట అనలేదు. అననక్కర్లేదు. దొంగ, అప్పు, రక్షణ, ప్రమాదం అన్న మాటలు అటూ ఇటూ చల్లి వదిలేస్తే మిగతాది భయం చూసుకుంటుంది. తగ్గదురా నాయనా అని చెప్పాక, ఆరోసారి "రద్దు" అన్నాక, అవతలివాడు సరే అన్నాడు. ఆ కాల్‌సెంటర్ మనిషిని నేనేమీ అనను. అతని ముందున్న తెరలో ఆ ప్రశ్నలు అదే వరసలో రాసిపెట్టి ఉంటాయి. దాటవేస్తే అతని జీతానికి కోత. నా గొడవ ఆ తెరని తయారు చేసినవాళ్ళతో.

ఇక్కడ మన వృత్తి గురించి నాలుగు మాటలు. ఓ చందాని రద్దు చెయ్యడం అంటే మెషీను దృష్టిలో ఏమిటి? డేటాబేసులో ఒక వరసలో ఒక గడి. అందులో "నడుస్తోంది" అన్నచోట "ఆగింది" అని రాయడం. వచ్చే నెల కార్డు మీద డబ్బులు లాగే ప్రోగ్రామ్ ఆ గడి చూసి పక్కకి తప్పుకుంటుంది. ఒక ధ్రువీకరణ మెయిలు పంపాలి. అంతే. ఇంజనీరింగు మూడో ఏడు చదివే పిల్ల కూడా మధ్యాహ్నం మొదలెట్టి సాయంత్రం టీ వేళకి పూర్తిచేసే పని.

చేర్చుకోవడం అలా కాదు. మనిషి చెప్పిన పేరూ చిరునామా నిజమో కాదో చూడాలి, "ఈ నాలుగింటిలో మీరు ఏ వీధిలో ఉన్నారు" లాంటి ప్రశ్నలు పుట్టించాలి, బ్యూరో సర్వర్లతో మాట్లాడాలి, కార్డు చెల్లుతుందో లేదో బ్యాంకుని అడగాలి, దొంగలు చొరబడకుండా చూడాలి. కొన్ని నెలల పని. ఇంత కష్టమైన పనిని రెండు నిమిషాల్లోకి కుదించారు, అంత తేలికైన పనిని పావుగంట ఫోనుకి సాగదీశారు. చేతకాక జరిగిందంటారా? చేతనైనవాళ్ళు కూర్చుని, కొలిచి, మీటింగులు పెట్టుకుని మరీ చేశారు. దీనికి మన ఆఫీసుల్లో "రిటెన్షన్ ఫ్లో" అని ఓ ముద్దుపేరు. సగంమందికి ఒకరకం పేజీ, సగంమందికి ఇంకోరకం పేజీ చూపించి, ఏ పేజీలో ఎక్కువమంది విసిగి వెనక్కెళ్ళిపోతే దాన్ని గెలిపిస్తారు. మనిషి విసుగుని గ్రాఫు గీసి, గీత పైకెళితే చప్పట్లు కొట్టుకునే పని ఇది. బగ్ అయితే ఎవరో ఒకరు టికెట్ రాసేవాళ్ళు. దీనికి టికెట్ ఉంటుంది, కానీ అందులో "ఇంకో పేజీ చేర్చండి" అని ఉంటుంది.

గాల్లో చెప్పట్లేదు. అమెజాన్ వాళ్ళు ప్రైమ్ చందా రద్దు చేసుకునే దారికి లోపల పెట్టుకున్న పేరు "ఇలియడ్" అట. ఏళ్ళ తరబడి సాగిన ట్రోజన్ యుద్ధం గురించిన గ్రీకు మహాకావ్యం పేరు! 2023లో ఎఫ్‌టీసీ వేసిన దావాలో ఈ సంగతి ఉంది. నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఎంపికలు దాటితే గానీ రద్దు కాదని ఎఫ్‌టీసీ లెక్కగట్టింది. మనవాళ్ళెవరైనా ఆ టీములో ఉండుంటే నిక్షేపంగా పద్మవ్యూహం అని పెట్టేవాళ్ళు. 2025 సెప్టెంబరులో అమెజాన్ 250 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది, తప్పు ఒప్పుకోకుండానే. పేరు పెట్టినవాడికి తను కడుతున్నదేమిటో తెలీదంటే నేను నమ్మను.

దీనికి సమర్థింపులు కూడా ఉంటాయి. ఒక్కోటీ చూద్దాం.

మొదటిది, "షరతులు చదువుకోవాలి కదా?" చదవాలి. అయితే చదవడానికి వీలుగా రాశారా? "ఉచితం" అన్న మాటకి ఎంత సైజు వాడారో "నెలకి ఇంత" అన్న మాటకి అంతే సైజు వాడమనండి, అప్పుడు చదవలేదని తిడదాం. దాచిపెట్టి, దొరకలేదేమని వెక్కిరించడం చిన్నపిల్లల ఆటలో బావుంటుంది.

రెండోది, "భద్రత కోసం ఫోన్లో మాట్లాడి మనిషి ఎవరో తేల్చుకోవాలి." ఇది వింటే నవ్వాగదు. నా సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకుని నా అప్పుల చిట్టా మొత్తం చూపించేటప్పుడు వెబ్‌సైటు భద్రత సరిపోయింది. ఆపెయ్యమన్నప్పుడు చాలలేదా? నా ఖాతాలోకి దొంగ చొరబడి చేసే ఘోరమైన పని నా చందా మాన్పించి నాకు డబ్బు మిగల్చడమా? అలాంటి దొంగ దొరికితే అడ్రసు ఇవ్వండి, పట్టుబట్టలు పెడతాను.

మూడోది కాస్త ఆలోచించాల్సింది: "ట్రయల్ లేకపోతే కొత్త సర్వీసులు ఎలా బతుకుతాయి? జనం రుచి చూడాలి కదా?" చూడనివ్వండి. మామిడిపళ్ళ బండివాడు ముక్క కోసి చేతిలో పెడతాడు. తియ్యగా ఉంటే డజను కొంటాం, లేకపోతే ముందుకెళ్ళిపోతాం. ఆ ముక్క తిన్నందుకు రేపట్నించి రోజూ డజను మన గుమ్మంలో దింపడు. ట్రయల్ అయిపోయాక "బావుందా, కొంటారా?" అని అడిగి, అవునంటేనే డబ్బు తీసుకుంటే ఎవరు కాదన్నారు? అలా అడగడానికి ఎందుకు భయం? అడిగితే ఎక్కువమంది వద్దంటారని వాళ్ళకి తెలుసు కనక. మర్చిపోయేవాళ్ళ మీద బతికే వ్యాపారం బతక్కపోయినా లోకానికొచ్చిన నష్టం లేదు.

దీనికి మందేమిటి? అమెరికాలో 2010లోనే ఓ చట్టం వచ్చింది, ఇంటర్నెట్‌లో చందా అమ్మితే ఆపుకోవడానికి "సులువైన" దారి ఉండాలని. సులువు అంటే ఎంత అన్నది దగ్గరే తంటా. కాలిఫోర్నియా 2018 జూలై నుంచి ఆన్‌లైన్‌లో చేరినవాడు ఆన్‌లైన్‌లోనే మానేలా ఉండాలంది. 2024 అక్టోబరులో ఎఫ్‌టీసీ దేశమంతటికీ అలాంటి నిబంధనే తెచ్చింది, చేరినంత తేలిగ్గా మానగలగాలి అని. అది పూర్తిగా అమల్లోకి రావడానికి కొద్దిరోజుల ముందు, 2025 జూలైలో, ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. నిబంధన తప్పని కాదు. తయారుచేసేటప్పుడు పాటించాల్సిన పద్ధతిలో ఒక మెట్టు దాటేశారని. జర్మనీలో మాత్రం 2022 జూలై నుంచి వెబ్‌సైటులో చందా అమ్మేవాడు రద్దు బటన్ పెట్టి తీరాలి.

నన్నడిగితే ఇవన్నీ కంపెనీవాడి మంచితనం మీదో, ప్రభుత్వం ఓపిక మీదో ఆధారపడ్డవే. అసలు మందు ఇండియాలో ఉంది. ఆశ్చర్యపోకండి. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి ఒక పద్ధతి అమలు చేసింది. కార్డు మీద నెలనెలా డబ్బు లాగాలంటే మొదట ఓటీపీతో మీ అనుమతి కావాలి. ప్రతిసారీ లాగడానికి కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలి. ఆ కబురు పంపేది మీ బ్యాంకు. అందులోనే వద్దనే వీలుండాలి. 15,000 రూపాయలు దాటితే, కొన్ని మినహాయింపులు తప్ప, ప్రతిసారీ మళ్ళీ ఓటీపీ. మొదలైన రోజుల్లో బోలెడు చందాలు ఆగిపోయి అందరూ రిజర్వు బ్యాంకుని తిట్టారు, సాఫ్టువేరువాళ్ళు మరీనూ. కానీ ఇందులో కిటుకు చూడండి: తాళంచెవి కంపెనీ చేతిలోంచి తీసి మీ బ్యాంకు చేతిలో పెట్టారు. కంపెనీ ఎన్ని పేజీల ఇలియడ్ రాసుకున్నా, మీరు దాని మొహం చూడకుండా ఇంటి దగ్గరే ఆపెయ్యొచ్చు. ఇంజనీరుగా చెబుతున్నా, మంచి డిజైన్ అంటే ఇదీ. లాభం పొందేవాడి చేతిలో ఆపే మీట పెట్టకూడదు.

ఇండియా స్వర్గమని కాదు. అక్కడ కూడా 2017 నుంచి ప్రతి క్రెడిట్ సంస్థా ఏడాదికో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అయినా మనవాళ్ళలో చాలామంది ఏదో ఒక యాప్‌లో స్కోరు చూసుకుని, మర్నాటినుంచి "సార్, పర్సనల్ లోన్ కావాలా" ఫోన్లు తింటారు. 2023 నవంబరులో కేంద్రం "డార్క్ ప్యాటర్న్" అని పదమూడు రకాల మాయలకి పేర్లు పెట్టి నిషేధించింది, అందులో చందా ఉచ్చు కూడా ఒకటి. కాగితం మీద బావుంది.

అంతవరకూ మన జాగ్రత్త మనది. అమెరికాలో ఉన్నవాళ్ళకి నాలుగు ముక్కలు:

రిపోర్టు కావాలంటే యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌కే వెళ్ళండి, పేరు సరిగ్గా కొట్టండి. కార్డు నంబరు అడిగారంటే మీరు వేరేచోటికి వచ్చారన్నమాట.

మీ రిపోర్టు మీరు చూసుకున్నందుకు స్కోరు తగ్గదు. మానిటరింగ్ చందా మానేసినందుకూ తగ్గదు.

యాప్ తీసేస్తే చందా ఆగదు. కార్డు మార్చినా ఆగుతుందన్న నమ్మకం లేదు, ఎందుకంటే కొత్త నంబరుని వ్యాపారులకి అందించే ఏర్పాటు వీసా, మాస్టర్‌కార్డ్ రెంటికీ ఉంది. కాబట్టి రద్దు చేసి, రద్దయినట్టు నంబరో మెయిలో తీసుకుని దాచుకోండి. తేదీ, మాట్లాడిన మనిషి పేరు రాసిపెట్టుకోండి. అయినా క్రెడిట్ కార్డు మీద లాగితే ఆ బిల్లు వచ్చిన 60 రోజుల్లోగా కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. బ్యాంకు ఖాతాలోంచి నేరుగా పోతుంటే, వచ్చేసారి లాగడానికి మూడు పనిదినాల ముందు బ్యాంకుకి ఆపమని చెప్పే హక్కు మీకుంది.

దొంగ అప్పుల భయమా? మూడు సంస్థల్లోనూ మీ రిపోర్టుని ఫ్రీజ్ చేసుకోండి. 2018 సెప్టెంబరు నుంచి ఫెడరల్ చట్టప్రకారం అది ఉచితం. మానిటరింగ్ అనేది దొంగ పడ్డాక చెప్పే కబురు. ఫ్రీజ్ అంటే తలుపుకి గడియ. మన భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ళలో ఒకరైన ఎక్విఫాక్స్ దగ్గర్నుంచే 2017లో దాదాపు 14.7 కోట్లమంది వివరాలు పోయాయి. ఇల్లు దోపిడీ అయిన రాత్రి నిద్రపోయిన గూర్ఖా, మర్నాడొచ్చి కాపలా చందా అడిగినట్టుంది వ్యవహారం.

ఇక మిగిలింది మన సాఫ్టువేరు జనం. ఇది చదివేవాళ్ళలో సగంమంది మనవాళ్ళే అని నాకు తెలుసు. వీసా, ఈఎంఐ, గ్రీన్‌కార్డు లైను, ఇవన్నీ మెడమీద ఉండగా మేనేజరుకి ఎదురు తిరగమని ఉచిత సలహా ఇవ్వను. కానీ మీటింగులో ఒక ప్రశ్న అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు: "చేరడానికి ఎన్ని క్లిక్కులు, మానడానికి ఎన్ని?" ఆ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. ఆ తేడా ఎందుకో చెప్పమనండి. చెప్పే జవాబు మినిట్స్‌లో ఎక్కించండి. రేపు కోర్టులో బయటపడేవి ఇలాంటి కాగితాలే అని కంపెనీ లాయర్లకి బాగా తెలుసు, వాళ్ళు మీకన్నా ముందు కంగారు పడతారు. ఇలియడ్ అన్న పేరు దావాకెక్కింది కూడా ఇలాంటి కాగితాల వల్లే కదా.